ఊర్పులయ్యకు తిట్ల సేవ

మొదటి నివేదన

తలపులమ్మా, నేను తంగేడుని. ఊర్పులయ్య గుడిలో తిట్ల పూజారిణిని. మన ఐదుగురు దేవుళ్లలో నీ పూజే తేలిక అంటారు అందరూ. ఏ రోజు సంగతి ఆ రోజు రాసుకొచ్చి, గోడలో ఉన్న నీ రాగి చెవిలో చదివి వినిపిస్తే చాలు. నీకు పూలూ వద్దు, పళ్లూ వద్దు. అబద్ధం ఒక్కటే పనికిరాదు. అందుకని ఉన్నదున్నట్టు చెబుతాను. మధ్యలో నాకు కోపం వస్తే సర్దుకో. కోప్పడటమే నా ఉద్యోగం.

పొద్దున్నే బావి అంచు మీది ఇత్తడి నోటిని బూడిదతో తోమాను. ఊర్పులయ్య పైనున్న ఎర్రగాలిని మింగి, బావిలో కడిగి, మనం పీల్చే గాలిగా ఆ నోట్లోంచి వదులుతాడు కదా, రోజూ తోమకపోతే ఎర్రమట్టి పేరుకుపోతుంది. తోమడం అయ్యాక కొంగు బిగించి, గొంతు సవరించుకుని, సేవ మొదలుపెట్టాను.

"ఒరేయ్ ఊర్పులయ్యా! ఒరేయ్ శుంఠా! తెల్లారింది, లేవరా! ఊరంతా మొహాలు కడుక్కుంటుంటే నువ్వింకా ముసుగుతన్ని పడుకున్నావా? పొట్టనిండా మింగావే, అరిగించుకోవడానికి ఏడాది పడుతుందా? కింద అంతస్తులో కుంపట్లు రాజుకోవట్లేదు, ముసలాళ్లకి ఆయాసంగా ఉంది, నీకు చీమ కుట్టినట్టయినా లేదు కదరా చవటా!"

బావిలో గుర్రుమని చప్పుడైంది. ఇత్తడి నోట్లోంచి గోరువెచ్చని గాలి నా మొహాన కొట్టింది. పై అంతస్తు గుమ్మాలకు కట్టిన గుడ్డ పీలికలు ముందు లేచాయి, తర్వాత రెండో అంతస్తువి, అలా మన ఊరు చెక్కుకున్న ఈ గండి అడుగుదాకా తొమ్మిది అంతస్తుల పీలికలూ ఒకదాని వెంట ఒకటి లేచి ఊగాయి. ఎన్నేళ్లు చూసినా ఆ దృశ్యం నాకు తనివి తీరదు. అప్పుడు గొంతు తగ్గించి, మా అమ్మ నేర్పినట్టే "తిన్నావా?" అని అడిగి, వేడి సంకటి గిన్నె ఆయన నోటి ముందు పెట్టాను. ఆయన ఊది చల్లార్చాక నేనే తిన్నాను.

ఈ మధ్య కొంచెం బద్ధకంగా లేస్తున్నాడు. నా సేవకు మాత్రం జనం పెరుగుతున్నారు. వేయించిన శనగలు తెచ్చుకుని మెట్ల మీద కూర్చుంటారు. కొత్త తిట్టు పడితే పగలబడి నవ్వుతారు, చప్పట్లు కొడతారు. నాకూ హుషారుగానే ఉంటుంది, దాచడం దేనికి?

ఇవాళ సేవ కాగానే పెద్దపూజారి సుగంధయ్యగారు వచ్చారు. ఆయన వెలుతురమ్మ పూజారి. ఆమెకు పొగడ్త అంటే ఇష్టం గనక ఆయన పుట్టిందగ్గర్నుంచి పొగడటం తప్ప ఇంకోటి ఎరగడు. మాడిన కూర పెట్టినా "ఎంత చక్కటి రంగు వచ్చిందమ్మా" అంటాడు. మా చెల్లెలు పొన్న ఆయన కోడలు. అత్తారింట్లో అడుగుపెట్టినప్పటినుంచీ ఒక్క మాట పడలేదని మురిసిపోతుంటుంది.

"అమ్మా తంగేడూ, నీ గొంతు గంటలాంటిదమ్మా," అని మొదలుపెట్టాడాయన. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. "అవతరణ పండుగ వస్తోంది కదా. మన పెద్దలు ఆకాశంలోంచి దేవుళ్లను మోసుకుని ఈ గండిలోకి దిగిన రోజు. ఈసారి అన్ని గుళ్లలోనూ స్తోత్రాలే ఉండాలని పూజారుల సభ తీర్మానించింది. ఊపిరి పోసే దేవుణ్ని పట్టుకుని శుంఠా అంటే వినడానికి ఎలా ఉంటుంది చెప్పు?"

"ఆయనకు అదే అలవాటు మావయ్యగారూ."

"బళ్లో పిల్లలు పంతులుగారిని బడుద్ధాయి అంటున్నారుటమ్మా."

ఆ తిట్టు మొన్న నేను వాడిందే.

రెండో నివేదన

తలపులమ్మా, పండుగ అయింది. సుగంధయ్యగారు నా చోట నిలబడ్డారు. నేను మెట్ల మీద కూర్చున్నాను, చేతిలో శనగలు లేవు అంతే తేడా.

"ఓ ప్రాణదాతా! మందమారుత మూర్తీ! నీ దయవల్ల మేమందరం హాయిగా ఉన్నాం. మాకు ఏ లోటూ లేదు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. అలసిపోయావు తండ్రీ, సుఖంగా ఉండు."

ఆయన గొంతులో తేనె ఉంది, ఒప్పుకుంటాను. పక్కన ఒకావిడ కళ్లు తుడుచుకుంది. నాకూ గుండెలో ఏదో కదిలింది. వెంటనే నా మీద నాకే ఒళ్లు మండింది. ఊర్పులయ్య మెత్తగా, చల్లగా ఊదాడు. పీలికలు నిద్రలో పిల్లల చేతుల్లా నెమ్మదిగా కదిలాయి. "చూశారా, ఇన్నాళ్లకు మన దేవుడు మర్యాదగా ఊదుతున్నాడు," అనుకుంటూ ఇళ్లకు వెళ్లారు జనం.

మధ్యాహ్నం గాలిబుట్టలో కూర్చుని పొన్న దగ్గరికి దిగాను. నెలలు నిండాయి గనక దాన్ని అడుగు అంతస్తులోని పురిటింటికి తెచ్చారు. పుట్టిన బిడ్డ ముందుగా తాకాల్సింది నేలదేవుడు కుదురప్పనే అని మన ఆచారం కదా, పెద్దపూజారి మనవడైనా మనవరాలైనా అక్కడే పుట్టాలి. పొన్న భర్త కేదారి తలుపు దగ్గర కూర్చుని ఉయ్యాలకు తాళ్లు పేనుతున్నాడు.

"అక్కా, పొద్దున నీ గొంతు వినపడలేదేంటి?" అంది పొన్న. గాలి గొట్టం ఒకటే కావడంతో ప్రతి అంతస్తులోనూ ఊర్పులయ్యకు ఒక నోరుంది. పైన నేను తిడితే కిందిదాకా, కింద ఎవరైనా తుమ్మితే పైదాకా వినిపిస్తుంది.

"మీ మావగారు పొగిడారు కదే."

"విన్నాలే. బాగానే ఉంది కానీ నాకు నిద్రొచ్చేసింది," అని నవ్వింది.

తిరిగి వచ్చేటప్పుడు బుట్ట ఈడుస్తూ ఈడుస్తూ పైకొచ్చింది. బుట్టలను ఎత్తేది కూడా ఊర్పులయ్యే. నాకు ఎందుకో మనసు కీడు శంకించింది.

మూడో నివేదన

తలపులమ్మా, పీలికలు ఆగిపోతున్నాయి. నిన్న ఆరో అంతస్తు నుంచి కిందికి కదలిక లేదు. ఇవాళ మూడో అంతస్తులోనూ వేలాడుతున్నాయి. బుట్టలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అడుగు అంతస్తులో దీపాలు చిక్కిపోయి, కుంపట్లు పొగచూరి ఆరిపోయాయి. నడవగలిగినవాళ్లు మెట్లెక్కి పైకి వచ్చేస్తున్నారు. ఆ మెట్లు గోడకు చెక్కిన గంట్లే తప్ప మెట్లు కావు. నిండు చూలాలు వాటిమీద ఎక్కలేదు. పొన్న అక్కడే ఉండిపోయింది, నొప్పులు ఎప్పుడొస్తాయో తెలియదు.

పూజారుల సభ కూర్చుంది. అందరి మొహాలూ వాడిపోయాయి. చివరికి వాళ్లు తేల్చింది ఏమిటో తెలుసా? ఇన్నేళ్లు తిట్లు తిని తిని ఊర్పులయ్య మనసు నొచ్చుకుందట, ఇప్పుడు మంచి మాట వినేసరికి ఆ అలక బయటపడిందట, కాబట్టి మరింత పొగడాలట. పూటపూటకీ స్తోత్రం, మూకుమ్మడి భజన, "మేం హాయిగా ఉన్నాం" అని ఊరంతా ఒకే గొంతుతో పాట. పాడినకొద్దీ గాలి తగ్గింది. తగ్గినకొద్దీ పాట పెంచారు.

నేను తట్టుకోలేకపోయాను. సుగంధయ్యగారి ఇంటికి వెళ్లి గుమ్మంలోనే నిలబడి కడిగేశాను.

"మావయ్యగారూ, మీ పొగడ్తలు కట్టిపెట్టండి! కింద నా చెల్లెలు ఎగశ్వాస తీస్తోంది. అది మీ కోడలు కూడా! నా గుడి నాకు వదిలేయండి."

ఆయన మొహంలో రక్తం లేదు. అయినా చేతులు జోడించాడు. "నీ ఆవేదన ఎంత స్వచ్ఛమైందమ్మా," అన్నాడు. నాకు ఆయన భుజాలు పట్టుకుని ఊపాలనిపించింది. తర్వాత ఆయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. "నాకు ఇంకేం మాట్లాడాలో తెలీదు తంగేడూ. రేపు నువ్వే కానివ్వు. సభకు నేను చెప్పుకుంటాను."

రేపు ఊర్పులయ్య పని పడతాను. అమ్మ దగ్గర నేర్చుకున్నవీ, నేను సొంతంగా కట్టినవీ, ఒక్క తిట్టు కూడా మిగల్చను.

నాలుగో నివేదన

తలపులమ్మా, ఓడిపోయాను.

ఊరు ఊరంతా వచ్చింది. ఊపిరి బరువైనవాళ్లు కూడా పాక్కుంటూ వచ్చారు. తంగేడు మళ్లీ నోరు విప్పుతోందంటే జనానికి ప్రాణం లేచొచ్చింది. నేను రెచ్చిపోయాను.

"ఏరా, పొగిడితే పొంగిపోయావా, పిండిముద్దలాగా? ఏబ్రాసి మొహమూ నువ్వూనూ! నీకు మందమారుతం అని పేరొకటి, నత్తకు నాట్యం నేర్పినట్టుంది! నీ నోట్లోంచి గాలి రావాలంటే నీకు పెళ్లిచూపులు ఏర్పాటు చెయ్యాలా? ఒరేయ్ దద్దమ్మా, నిన్ను కట్టుకునే పిల్ల మూడోరోజే ముక్కు మూసుకుని పుట్టింటికి పోతుంది!"

ఎన్నాళ్లుగానో బిగబట్టుకున్న భయమంతా నవ్వులోకి దిగింది. కడుపులు పట్టుకున్నారు, కళ్లనీళ్లు పెట్టుకున్నారు, ఆయాసపడుతూ మరీ నవ్వారు. బావిలో ఒక్కసారి గుర్రుమంది. ఒక్క ఉఫ్ వచ్చింది. పై అంతస్తు పీలికలు సగం లేచి, మళ్లీ వాలిపోయాయి. ఆ తర్వాత ఎంత అరిచినా ఉలుకూ లేదు పలుకూ లేదు. నా గొంతు బొంగురుపోయింది. జనం మెల్లగా నవ్వడం మానేసి నా వంక చూశారు. ఆ చూపులు నేను భరించలేకపోయాను. "తిన్నావా?" అని అడగడం కూడా మరిచిపోయి వచ్చేశాను.

మెట్లు దిగి పొన్న దగ్గరికి వెళ్లాను. దిగుతున్నకొద్దీ గాలి చిక్కబడి, ఒక్కో ఊపిరీ తవ్వుకుంటున్నట్టుంది. పురిటింట్లో ఒక్క దీపం మిణుకుమిణుకుమంటోంది. మంత్రసాని పొన్న తల నిమురుతోంది. కేదారి తాటాకుతో విసురుతూనే ఉన్నాడు, చేతులు బొబ్బలెక్కాయి. పొన్న పెదాలు నల్లబడ్డాయి. నన్ను చూసి నవ్వబోయింది.

"నా వల్ల కాలేదే," అన్నాను. ఏడ్చాను. దాని ముందు ఏడవకూడదనే అనుకున్నాను, ఆగలేదు.

"నువ్వు బాగానే తిట్టావక్కా," అంది పొన్న, మాట మాటకీ ఆగుతూ. "నాకు వినిపించింది. కానీ తిట్టు కంటే నవ్వే ఎక్కువ వినిపించింది. ఆయనకి కళ్లు లేవు కదా. చెవులే కదా. ఊరంతా అంతలా నవ్వుతుంటే, వీళ్లకేం, హాయిగా ఉన్నారు అనుకోడూ?"

నేను కళ్లు తుడుచుకున్నాను.

తలపులమ్మా, తిట్టు గొప్పదనం తిట్టులో లేదు. కష్టం వచ్చినవాడి గొంతు ఆయనకు చేరాలి, అంతే. మొదటి పూజారిణి ఈ గండిలో ఊపిరాడక, నిజంగా కడుపు మండి తిట్టింది. ఆ గొంతును ఆయన గుర్తుపట్టాడు. ఇబ్బందిలేదన్న గొంతు వింటే పడుకుంటాడు. పెద్దపూజారి పాటతో జోకొట్టాడు, నేను నవ్వించి జోకొట్టాను. ఇద్దరం కలిసి చేసిన పని ఇది.

ఐదో నివేదన

తలపులమ్మా, ఇది మాత్రం నిదానంగా చదువుతాను. ఒక్క ముక్క కూడా నువ్వు వదులుకోకూడదు.

పొద్దున నొప్పులు మొదలయ్యాయని కబురు రాగానే సుగంధయ్యగారి చెయ్యి పట్టుకుని మెట్లమీదుగా లాక్కెళ్లాను. పెద్దపూజారి అడుగు అంతస్తుకు దిగడం ఎవరూ చూసి ఉండరు. దారిలో రెండుసార్లు కూలబడ్డాడు. "మెట్లు చాలా పటిష్ఠంగా చెక్కారమ్మా," అన్నాడు రొప్పుతూ. నేను లేవదీసి మళ్లీ లాగాను.

భర్త తప్ప వేరే మగవాళ్లు లోపలికి రాకూడదు గనక గుమ్మంలో నిలబడ్డాడు. గుమ్మం పక్కనే ఊర్పులయ్య కిందినోరు ఉంది. దాని అంచున పొన్న కట్టిన పసుపుపచ్చ పీలిక కదలకుండా వేలాడుతోంది. లోపలినుంచి పొన్న మూలుగు వినిపించింది. ఆ మూలుగు పూర్తికాలేదు, మధ్యలోనే ఊపిరి చాలక తెగిపోయింది.

ఆయన అలవాటు ప్రకారం చేతులు జోడించాడు. "ఓ ప్రాణదాతా... దయామయా... నీ కృపవల్ల మేమందరం..." అని ఆగిపోయాడు. హాయిగా ఉన్నాం అనే మాట నోట్లోంచి రాలేదు.

"నువ్వు..." అన్నాడు. "నువ్వు మంచివాడివి కాదు!"

నా ప్రాణం ఉసూరుమంది. ఆయనకు వచ్చిన తిట్టు అంతే పాపం. కానీ ఆ గొంతు, తలపులమ్మా! అందులో తేనె చుక్క కూడా లేదు. పసుపు పీలిక చివర ఒక్కసారి వణికింది.

"అనండి మావయ్యగారూ! ఆపకండి!"

"నువ్వు మంచివాడివి కానే కాదు! నా ఇంటికి దీపంలా వచ్చిన పిల్ల ఇక్కడ ఊపిరాడక కొట్టుకుంటోంది. ఎక్కడ చచ్చావు? వినపడట్లేదా? మాకు బాగాలేదు! అబద్ధం చెప్పాను, మాకేమీ బాగాలేదు! లేవరా!" జీవితంలో మొదటిసారి ఆయన ఒకణ్ని రా అన్నాడు. అనేసరికి కట్ట తెగింది. పిడికిలితో ఇత్తడి నోటి మీద దబదబా బాదాడు. "లేవరా శుంఠా! లేవరా చవటా! నా మనవణ్ని చంపుతావురా? నీకు పూజలు చేసిన చేతులతోనే నీ నోరు మూసేస్తాను! లేవరా బడుద్ధాయీ!"

బళ్లో పిల్లలదాకా ఎక్కిన నా తిట్టు, పెద్దపూజారి నోట్లో పడేసరికి ఎంత బాగుందో!

ఆ గొంతు గొట్టం వెంట పైకి పోయింది. ఎనిమిదో అంతస్తులో విన్నారు, ఏడో అంతస్తులో విన్నారు. సుగంధయ్యగారు తిడుతున్నారా అని ముందు నోళ్లు వెళ్లబెట్టి ఉంటారు. తర్వాత ఎవరో ఒక ముసలమ్మ గొంతు కలిపింది. "ఒరేయ్, నా గుండె పట్టేస్తోందిరా!" ఇంకో అంతస్తు నుంచి ఎవరో అరిచారు, "మా పిల్లలు లేవట్లేదురా పాపిష్టోడా!" ఒక్కొక్కరే వాళ్ల వాళ్ల గుమ్మం దగ్గరి నోటికి మొహం ఆనించి, ఎవరి కష్టం వాళ్లు తిట్టారు. నేనూ తిట్టాను. ఒక్క కొత్త మాట కట్టలేదు, ఒక్క చమత్కారం లేదు. "నా చెల్లెల్ని నాకివ్వరా," అని మాత్రం పదేపదే అరిచాను. తొమ్మిది అంతస్తుల్లో ఒక్కరంటే ఒక్కరు నవ్వలేదు.

బావి గర్జించింది.

నేను పుట్టాక ఆ చప్పుడు ఎప్పుడూ వినలేదు. గోడలు అదిరాయి. పైనుంచి గాలి దూసుకొచ్చింది. పెద్దపూజారి తలపాగా ఎగిరిపోయింది, అంగవస్త్రం ఎగిరిపోయింది, నా కొప్పు ఊడిపోయింది. గోడలకు ఆగిపోయిన బుట్టలు ఖాళీగానే గిర్రున పైకి లేచాయి. చచ్చిన కుంపట్లలోంచి నిప్పురవ్వలు చిమ్మాయి. తలెత్తి చూస్తే గండి పొడుగునా తొమ్మిది అంతస్తుల పీలికలూ, ఎర్రవీ పచ్చవీ తెల్లవీ, ఫటఫటా కొట్టుకుంటున్నాయి. నేను గెంతులేశాను. వయసు గియసు చూసుకోలేదు. పక్కన సుగంధయ్యగారు బట్టతలతో నిలబడి, రెండు చేతులూ చాచి, ఏడుస్తూ, ఇంకా తిడుతూనే ఉన్నాడు.

"చాలు మావయ్యగారూ, లేచాడు!"

"ఉండమ్మా, ఇంకో రెండు ఉన్నాయి," అన్నాడు.

లోపల పొన్న గుండెలనిండా గాలి పీల్చుకున్న చప్పుడు నాకు గుమ్మందాకా వినిపించింది. ఆ తర్వాత అది పెట్టిన కేక వింటే ఊర్పులయ్యే జడుసుకుని ఉంటాడు. కాసేపటికి మంత్రసాని తలుపు తెరిచి ఆడపిల్ల అని చెప్పింది. కేదారి తాటాకు వదిలేసి నేలమీద కూర్చుండిపోయాడు. పాపను కుదురప్ప మీద పడుకోబెట్టారు. నేల చల్లదనం తగలగానే అది గుక్కపట్టి ఏడ్చింది. గాలి ఇంకో చుట్టు బలంగా లేచి దీపం ఆర్పేసింది.

పాప ఊపిరి తీసుకుని మళ్లీ ఏడ్చింది. మళ్లీ గాలి లేచింది.

పొన్న చెమటపట్టిన మొహంతో నా వంక చూసింది. "అక్కా, నీ ఉద్యోగానికి ఎసరొచ్చినట్టుందే," అంది. అప్పుడు మాత్రం నవ్వాం. పిల్ల ఏడుస్తున్నంతసేపూ ఎంత నవ్వినా ఫరవాలేదని అర్థమైంది.

ఆరో నివేదన

తలపులమ్మా, సభ కొత్త తీర్మానం చేసింది. సేవకు శనగలతో రాకూడదు. కష్టం ఉన్నవాళ్లే వచ్చి, వరస ప్రకారం ఎవరి తిట్టు వాళ్లు తిట్టుకోవచ్చు. నేను పక్కన నిలబడి, మాటలు దొరకనివాళ్లకు అందిస్తాను. పళ్లు లేనివాళ్లూ నత్తివాళ్లూ కూడా వస్తున్నారు. నా గుడికి ఇంత గౌరవం నేనెప్పుడూ చూడలేదు. ఇది చెబుతుంటే నా ఛాతీ ఎలా పొంగుతోందో నీకు కనిపించదు గానీ, నమ్ము.

సుగంధయ్యగారు రోజూ పొద్దున్నే నా దగ్గర తిట్లు నేర్చుకోవడానికి వస్తున్నారు. నోరు తిరగడానికి టైము పడుతుంది. నిన్న నన్ను చూసి, "ఏమే తంగేడూ, సోమరిపోతా!" అని, వెంటనే క్షమాపణ చెప్పారు. ఇంట్లో మాత్రం మాడిన కూర మాడిందనే అంటున్నారట. వాళ్లావిడ ఊరంతా చెప్పుకుని మురిసిపోతోంది.

పొన్నా పాపా పై అంతస్తుకు వచ్చేశారు. గుడి పక్క గదిలోనే ఉయ్యాల కట్టించాను. ఇవాళ తెల్లారకముందే లేచి ఇత్తడి నోరు తోమి, కొంగు బిగించి, గొంతు సవరించుకున్నాను. నేను నోరు తెరిచేలోపు పాపకు ఆకలేసింది. ఒక్క గుక్క పెట్టిందో లేదో, బావి గుర్రుమని, నా జుట్టంతా చెదిరిపోయేలా గాలి కొట్టి, పై నుంచి అడుగుదాకా పీలికలన్నీ లేచి నిలబడ్డాయి.

నేను కొంగు వదులు చేసుకుని, సంకటి గిన్నె ఆయన నోటి ముందు పెట్టి, "తిన్నావా?" అని మాత్రం అడిగి వచ్చేశాను.